బొంత యంచులు వంకర వోవుట



బొంతను గూర్చి ప్రసంగింప నీ వృద్ధుడేల పూనుకొనెనని మీలో కొందఱు నవ్వవచ్చును. పిల్లలకు వ్యాకరణమును, క్షేత్రగణితమును చెప్పి విశ్రాంతి గొన్నవానికి సూదిదారములతో నేమి పని? పని గలదు. మన యిండ్లలో బొంత కుట్ట నేర్చుచున్న బాలికలను మనము పెద్దఱికమున మందలించుచుందుము. "అంచు వంకర పోయినది, నీ చేతికి కుదురు లేదు" అందుము. ఈ నింద న్యాయము గాదు. ఆ వంకర చేతిలో పుట్టుట యరుదు. తొలికుట్టు పడక మునుపే, గుడ్డ పఱచినప్పుడే అది పుట్టియుండును.

ముందుగా గుడ్డ స్వభావమును చూడుడు. పడుగువెంబడి లాగిన గుడ్డ సాగదు. పేకవెంబడి కొంచెము సాగును. ఐమూలగా లాగితిమా, యెంత గట్టి నేతయైనను సాగిపోవును. పలుమార్లు ఉతికి, పిండి, దండెముపై నారవేసిన పాతచీరలో పడుగు పేకలు నేతనాటి మూలను విడిచి యొకవైపునకు ఒరగి యుండును. దానిని కంటికి చక్కగా కన్పట్టునట్లు మడిచి కుట్టినను, మొదటి యుతుకునకే అంచు పాము నడక నడచును.

కావున మడతకు కన్ను ప్రమాణము గాదు, పోగు ప్రమాణము. 6 గజముల చీరను మూడు మడతలు పెట్టిన 2 గజముల బొంత వచ్చును. మడత పడవలసినచోట నొక పేకపోగును సూదిమొనతో నెత్తి మెల్లగా లాగవలెను. గుడ్డపై సన్నని గీటు తేలును. అదియే నిజమైన యడ్డము. పాతచీరలో పోగు నడుమ తెగును. తెగినచోటినుండి మరల నెత్తుకొనవలెను. ఓపికపని యే, కాని యిది తప్పిన తక్కిన శ్రమయంతయు వ్యర్థము.

మఱియొక చిక్కు చీరయంచుది. అంచు దట్టముగా నేసినది. నడిమి గుడ్డ కట్టికట్టి వదులైనది. ఈ రెంటికిని పొడవు సమానముగా నుండదు. అంచును తిన్నగా పఱచిన నడుమ ముడుతలు పడును. నడిమిని సర్దిన అంచు వింటివలె వంగును. శోభకొఱకు అంచు నట్లే యుంచవలెనను వా రున్నారు. నాకది సమ్మతము గాదు. దానిని విడదీసి దాచి, తుదకు చుట్టును పట్టీగా వేయుట మేలు. అడుగున క్రొత్తగుడ్డ వేయువారు దానిని ముందే తడిపి యారవేయవలెను. లేనిచో మొదటి యుతుకున అది క్రుంగి పైచీరలను లోనికి లాగును.

ఇక మూలలు. దీర్ఘచతురస్రపు కర్ణముపై చతురస్రము రెండు భుజములపై చతురస్రముల మొత్తమునకు సమానమని బౌధాయనుడు శుల్బసూత్రములయందు చెప్పియున్నాడు. యజ్ఞవేదికి త్రాళ్లతో మూలలు తీర్చుటకై పనికివచ్చిన యీ సత్యము బొంతకును చెల్లును. మూలనుండి యొకవైపు 3 జేనలు, రెండవవైపు 4 జేనలు గుర్తిడి, ఆ గుర్తుల నడుమ 5 జేనలు వచ్చినచో మూల సరియైనది. రెండు కర్ణములు సమానమైన చాలునని కొందఱందురు. చాలదు. తలవైపు వెడల్పై కాళ్లవైపు ఇఱుకైన బొంతకు గూడ కర్ణములు సమానము కావచ్చును. ఎదురెదురు భుజములను గూడ కొలువవలెను.

పిమ్మట నడుమనుండి నాలుగు వైపులకు దూరదూరముగా టాకాలు వేసి, అరచేతితో వదులును వెలుపలికి త్రోయుచు రావలెను. అంచులు ముందే మూసిన నా వదులునకు దారి లేక నడుమ బుడగ కట్టును. దారము బారెడు ఎక్కించుకొనరాదు. చిక్కుపడినకొలది చేయి దానిని బిగించి లాగును, గుడ్డ ముడుచుకొనును.

ఈ న్యాయము చేతికుట్టునకే యనుకొనవలదు. అమెరికాలో బొంతను క్విల్టు అందురు. దానిని కుట్టుటకు లాంగ్ ఆర్మ్ అను పెద్ద యంత్రము గలదు. మన దర్జీ మిషనులో గుడ్డ కదలును, సూది యొకచోటనే యాడును. ఇందు మూడు పొరలును చట్రముపై నిలిచియుండగా యంత్రమే పట్టాలపై నిటునటు దొరలును. నేర్చువారు అడుగుగుడ్డను ప్రక్కపట్లతో గట్టిగా లాగి బిగింతురు. బిగువున్నంతసేపు అంతయు చక్కనే. పట్లు విప్పగనే గుడ్డ ముడుచుకొని అంచును లోనికి ఈడ్చుకొనిపోవును. తెలిసినవారు యంత్రమును అడ్డముగా మాత్రమే కదలునట్లు బంధించి, దూదిపొరపై నొక తిన్నని కుట్టు వేసి, పైగుడ్డ యంచును దానికి చేర్తురు. చట్రము చుట్టినప్పుడెల్ల వెడల్పును తొలికొలతతో పోల్చి ప్రక్కలకు టాకాలు వేయుదురు. నేడు కొన్ని యంత్రములకు కంప్యూటరు గూడ తోడైనది. గుడ్డ వంకరగా నెక్కించిన, అది యా వంకరనే మిక్కిలి శ్రద్ధతో కుట్టిపెట్టును!

మా యూర నొక బాలిక గతించిన నాయనమ్మ చీరలు రెంటితో బొంత కుట్టినది. ఒక మూల బెత్తెడు బయటికి పోయినది. ఇంటివారు కత్తెర తెమ్మనిరి. కత్తిరించిన గుడ్డ మరల రాదు. ఆ చీరలు మరి దొరకవు. నేను కొలత త్రాడు పట్టి చూచితిని. మడత పోగువెంబడి లేదు. రెండు వైపుల కుట్లు విప్పి, తడిపి, ఐమూలగా నిద్దఱు పట్టి లాగి మూలను నిలిపి, నీడలో నారవేసి మరల కుట్టుమంటిని. పది దినములు పట్టినది. ఒకప్రక్క ఇంకను రెండు వ్రేళ్ల వెలితి మిగులగా, దానిని ఆమె నాయనమ్మ చీరయంచుతోనే పూరించినది.