ధూళియు, వంశగుణమును, ఊపిరితిత్తుల రోగమును
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఒకే యింట, ఒకే పొయ్యి యెదుట, ఒకే పొగను పీల్చిన తోడికోడండ్రలో ఒకతె ఆయాసముతో మంచము పట్టును; రెండవ యామె ముదిమివరకును నిక్షేపముగా తిరుగాడును. “ఎవరి నొసటి వ్రాత వారిది” యని పెద్దలు సమాధానము చెప్పుచుందురు. అట్టి వ్రాతలో కొంత శరీరమందలి ప్రతి జీవకణములోను తల్లిదండ్రులిచ్చిన యక్షరములుగా నున్నదనియు, అందు కొన్నిటిని చదువ వీలగుననియు నేటి శాస్త్రము చెప్పుచున్నది. అయితే చదివిన పిమ్మట చేయవలసిన దేమి? ఈ ప్రశ్నకు అమెరికాదేశమున నడచిన యొక లోహపు కథ మంచి సమాధానము చెప్పును.

ఆ లోహము పేరు బెరీలియము. పేరు విదేశీయముగా తోచినను దాని వేరు భారతదేశముననే యున్నది. వైడూర్యమను రత్నము పేరు ప్రాకృతభాషల గుండ గ్రీకు దేశమునకు ప్రయాణము చేసి ‘బెరిల్లోస్’ అయ్యెను. దానినుండియే ఈ లోహమునకు పేరు వచ్చెను. పచ్చ యను రత్నము బెరిల్ జాతిలోనిదే. నేడు వైడూర్యమని ధరించెడి పిల్లికన్ను రాతియందును ఈ లోహము కలదు. నెల్లూరు సీమ అభ్రకపు గనులలోను బెరిల్ రాయి కానవచ్చినది. ఉంగరమున ధరించిన రాయి ఎవరి ఊపిరికిని కీడు చేయదు. రాతినుండి లోహమును తీసి, కోసి, అరగదీసి, పొడిచేయునపుడు లేచెడి కంటికి కానరాని ధూళియే ప్రమాదకరము.

ఈ లోహము మిక్కిలి తేలిక, అయినను దృఢము, వేడికి తాళునది. అందుచే విమానములకును, అణుశక్తి యంత్రములకును దీనిని వాడిరి. 1940 ప్రాంతమున గొట్టపు విద్యుద్దీపముల లోపలి తెల్లని పూతలో గూడ దీనిని కలిపెడివారు. అట్టి దీపములు చేయు మసాచుసెట్స్ రాష్ట్రపు కార్మికులకు వింత రోగము సోకెను. పొడిదగ్గు, ఆయాసము, దినదినమును చిక్కిపోవుట దాని లక్షణములు. చూపునకు క్షయవలె నుండెను గాని క్షయ కాదు. 1946లో డాక్టర్ హారియెట్ హార్డీయును, డాక్టర్ టాబర్‌షాయును అట్టి 17 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. కొందరికి పని మానిన చాలకాలమునకు గాని జబ్బు బయటపడలేదు.

ఒహాయో రాష్ట్రమున లొరేన్ పట్టణమునందు మరింత విచిత్రము కానవచ్చెను. బెరీలియము కర్మాగారమున ఎన్నడును అడుగిడని పొరుగువారికి గూడ ఈ వ్యాధి వచ్చెను. కార్మికుని మాసిన బట్టలు ఉదికిన యిల్లాలికిని వచ్చెను. 1949లో దీపముల పూతనుండి బెరీలియమును తొలగించిరి. ఘనమీటరు గాలిలో ఈ లోహము 2 మైక్రోగ్రాములకు మించరాదని అమెరికా అణుశక్తి సంఘమువారు అవధి విధించిరి. మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షలవ వంతు. ఈ అవధి సీసము, పాదరసము మున్నగు లోహములతో పోల్చి వేసిన యంచనా మాత్రమే. దానిని గూర్చిన నిర్ణయము ఒక టాక్సీ ప్రయాణమున జరిగినందున ‘టాక్సీ అవధి’ యని దానికి హాస్యనామము గూడ వచ్చెను.

ఇచ్చట నొక చిక్కుప్రశ్న మిగిలెను. విషమే యైనచో ఎక్కువ పీల్చినవానికి ఎక్కువగను, తక్కువ పీల్చినవానికి తక్కువగను కీడు కలుగవలెను. అట్లు జరుగలేదు. ఏండ్ల తరబడి ధూళిలో పనిచేసినవారిలో పెక్కుమంది ఆరోగ్యముగా నుండిరి. కొద్దిగా పీల్చినవారు కొందరు కూలిపోయిరి. క్రమముగా తెలిసిన దేమనగా, ఈ వ్యాధిలో ఊపిరితిత్తులను చెరచునది లోహము తానుగా కాదు. లోహమును చూచి రెచ్చిపోయిన శరీరరక్షణ సైన్యమే.

ఈ సైన్యము పని తీరు ఇట్లుండును. కొన్ని జీవకణములు తమకు దొరకిన మాంసకృత్తుల తునుకలను అరచేతిలో పెట్టి చూపినట్లు తెల్లకణములకు చూపును. “ఇది యింటిదా, పరాయిదా?” యని తెల్లకణములు పరీక్షించును. ఇంటిదైనచో ఊరకుండును, పరాయిదైనచో దండెత్తును. ఆ చూపెడి అరచేతికి హెచ్.ఎల్.ఏ. యని పేరు. దానిని నిర్మించు జన్యువులు ఒక్కొక్క వంశమున ఒక్కొక్క తీరుగ నుండును. కనుకనే రోగములనెదుర్కొను శక్తియు మనిషికి మనిషికి మారుచుండును.

ఇట్టి అరచేతులలో ఒకదానియందు 69వ స్థానమున కొందరికి లైసీన్ అను ఆమ్లముండును. మరికొందరికి గ్లూటమిక్ ఆమ్లముండును. భేదము ఇంతమాత్రమే. కాని గ్లూటమిక్ ఆమ్లమునకు ఋణవిద్యుత్తు, బెరీలియమునకు ధనవిద్యుత్తు కలదు. అందుచే లోహము ఆ పల్లములో చిక్కుకొని అరచేతి రూపమునే కొంత మార్చివేయును. తెల్లకణములు తమ యింటి దానినే పరాయిదని భ్రమించి యుద్ధమారంభించును. క్రిమి యైన చచ్చును; లోహము చావదు. కావున యుద్ధమునకు అంతము లేదు. ఊపిరితిత్తులలో గడ్డలు కట్టి, మచ్చలు పడి, గాలి ఆడు చోటు తరుగును.

1993లో రిచెల్దీ మొదలగు శాస్త్రజ్ఞులు ఈ జన్యుభేదమును ప్రకటించిరి. వారు పరీక్షించిన 33 మంది రోగులలో 32 మందికి ఈ గుర్తు కలదు. ధూళిని పీల్చియు రోగము రాని 44 మందిలో 13 మందికి మాత్రమే కలదు.

ఇంతటితో కొందరికి సులభమైన ఉపాయము తోచుట సహజము. పనిలో చేర్చుకొనుటకు ముందు రక్తము పరీక్షించి, గుర్తు గలవారిని త్రిప్పి పంపివేసిన సరిపోదా? ఆలోచించి చూడవలెను. రోగము రానివారిలోను నూటికి 30 మందికి ఆ గుర్తున్నది. గుర్తుగలవారిలో పెక్కుమందికి ఎన్నడును రోగము రాదు. మరియు గుర్తు లేనివారిలో గూడ కొందరికి వచ్చినది. అట్లు ఏరివేసినచో నిరపరాధులైన పెక్కుమంది జీవనోపాధి పోవును. మిగిలినవారు తమకు భయము లేదని నమ్మి ధూళిలో మునుగుదురు. యజమాని ధూళిని తగ్గించు ఖర్చు తప్పించుకొనును. పుట్టుకతో వచ్చిన యక్షరమునకు కూలివాడు శిక్ష ననుభవింపవలసి వచ్చును.

అమెరికాలో 2008లో చేసిన శాసనము జన్యుగుణములను బట్టి ఉద్యోగములలో భేదము చూపరాదని నిషేధించినది. 2017లో అచ్చటి కార్మికరక్షణ శాఖ గాలిలోని బెరీలియము అవధిని 2 మైక్రోగ్రాములనుండి 0.2కు, అనగా పదవవంతునకు, దించినది. మనుష్యులను ఏరుటకంటె గాలిని శుభ్రపరచుటే ధర్మమని ఈ రెండు నిర్ణయములును చాటుచున్నవి. రక్తపరీక్ష వలన ప్రయోజనము లేదని కాదు. తనకు ప్రమాద మెంతయో తెలిసికొనగోరు కార్మికునికి అది సహాయము. అతనిని వెళ్లగొట్టగోరు వానిచేతిలో అదే ఆయుధము.

బెరీలియము ధూళి పల్లెటూళ్లలో సామాన్యముగా నుండదు. కాని కట్టెల పొయ్యి పొగ, చుట్టబీడీల పొగ, రాతిగనుల ధూళి కలవు. ఇవియు ఊపిరితిత్తులకు దీర్ఘరోగములు తెచ్చునవే. వీనిని తట్టుకొను శక్తియు అందరికిని సమానముగా నుండదు. కనుక “మా తాత తొంబదియేండ్లు చుట్ట కాల్చినాడు, ఏమయినది?” యను వాదము చెల్లదు. తాతకు దక్కిన భాగ్యము మనుమనికి సంక్రమించునని ఎవరును పూచీపడలేరు. అట్లే ఆయాసముతో నున్న కోడలిని చూచి “ఆమె వంశమే బలహీనము” అనుటయు న్యాయము కాదు. వంశమును మార్చుట ఎవరి తరమును కాదు. వంటయింటికి పొగగొట్టము పెట్టించుట, రాయి కొట్టుచోట నీరు చల్లుట మనుష్యుల చేతిలో పని.

నొసటి వ్రాత చదువ నేర్చిన కాలమిది. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరివారికి అక్షరమును చదువుటయేగాక, దానిని మంచికి వినియోగించుటయు నేర్పినది. ఆ దీపము ఇట్లే వెలుగుచుండుగాక!