పడే బంతిని మెదడు ఎలా చూస్తుంది?

పట్టాలు అందుకున్న మీ అందరికీ అభినందనలు.

గురుత్వాకర్షణ గురించి మాట్లాడటానికి బంగారు గనుల ఊరైన చాంపియన్ రీఫ్స్‌ను మించిన చోటు ఏముంటుంది? ఇక్కడి గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. మీ తాతలు కేజ్ అనే గని లిఫ్టులో దిగేవారు. కేజ్ వేగం అందుకునేటప్పుడు ఒళ్లు తేలికవుతుంది, ఆగబోయేటప్పుడు బరువెక్కుతుంది. మధ్యలో ఒకే వేగంతో పోతున్నంతసేపూ బరువులో తేడా తెలియదు. లోపలి చెవి పట్టుకునేది వేగాన్ని కాదు, వేగంలో మార్పును.

కంటి తీరు వేరు. అది వేగాన్ని బాగానే అంచనా కడుతుంది కానీ, వేగం పెరగడాన్ని సరిగ్గా పట్టలేదు. పడే బంతి వేగమేమో ప్రతి సెకనులోనూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతూ పోతుంది. అయినా మైదానంలో కుర్రాడు సరైన క్షణానికి చేతులు చాపి క్యాచ్ పడతాడు. కంటికి అందనిదాన్ని మెదడు గురుత్వాకర్షణ లెక్కతో పూరిస్తుంది కాబట్టి.

1998లో న్యూరోల్యాబ్ అంతరిక్ష యాత్రలో వ్యోమగాములు తమ వైపు వచ్చే బంతిని పట్టుకున్నారు. అక్కడ బంతి వేగం పెరగదు. ఆ సంగతి కళ్లముందు కనిపిస్తూనే ఉన్నా, వాళ్ల చేతులు భూమ్మీద ఉన్నట్టే తొందరపడ్డాయి. రోజులు గడిచినా ఆ తొందర పూర్తిగా పోలేదు. మెకింటైర్, లాక్వానిటి తదితరులు 2001లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. పడే వస్తువును చూసేటప్పుడు లోపలి చెవి సమాచారాన్ని అందుకునే మెదడు భాగాలూ పనిచేస్తాయని 2005లో మరో పరిశోధన చూపింది. ఒంటికి తెలిసిన బరువే కంటికి సాయం వస్తోందన్నమాట.

మెదడులో గురుత్వాకర్షణ ఎంతగా పాతుకుపోయిందో దాని ప్రభావం ఒంటికి తెలియని చోటే బయటపడింది. విశ్వకిరణాల వల్ల వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే కణాల కథా అంతే. విశ్వకిరణాల నుంచి వచ్చే మిగతా కణాలను రాయి వడగట్టేసే లోతుకు వెళ్లాకే, 1965లో టాటా పరిశోధన సంస్థ, ఒసాకా, డర్హం శాస్త్రవేత్తలు ఇదే గనిలో ఆ న్యూట్రినోల జాడ పట్టారు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. గని ఎప్పటికీ ఉంటుందన్న లెక్క మీద బతికిన ఊరు, తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కడం నేర్చుకుంది. రేపు మీరూ ఆ రైలెక్కుతారు, లేదా విమానమెక్కుతారు. ఇక్కడ నేర్చిన లెక్కలు తప్పు కావు, వాటిని వదులుకోకండి. కానీ అవి ఏ నేల మీద చెల్లుతాయో తెలుసుకోండి. అంచనా తప్పిన రోజున సిగ్గుపడకండి. ఎంత తప్పిందో కొలవండి, ఎందుకు తప్పిందో అడగండి. చదువు మీకిచ్చిన అసలు పని అదే.