మలుగు చెప్పిన పాఠం



మన నందికొండల చెంత పుట్టిన పెన్న నెల్లూరు దాటి సముద్రాన్ని చేరుతుంది. గోదావరి, కృష్ణలలో పెరిగే మలుగుపాము సైతం గుడ్లు పెట్టడానికి కడలికే పోతుంది. దాని పిల్ల ఆకువలె పలుచన, గాజువలె పారదర్శకం. తల్లి పోలిక ఉండదు. అందుచేతనే ఐరోపా మలుగుపిల్లను వేరొక చేపజాతిగా భావించి 1856లో కౌప్ అనే శాస్త్రజ్ఞుడు లెప్టోసెఫాలస్ అని పేరుపెట్టాడు. ఇటలీలో గ్రాసి, కలాండ్రుచియో దానిని తొట్టిలో పెంచి, మలుగుగా మారడం చూచారు. 1896లో లోకానికి వెల్లడించారు. నలభై యేండ్లు తప్పుగా ఉన్నది పేరే గాని పిల్ల కాదు.

ఉపాధ్యాయ మిత్రులారా, నేనూ ఒకనాడు ఒక బాలుని 'మొద్దు' అన్నాను. నేడు ఆయన తన కుమార్తెను మన బడిలోనే చేర్చి, ఈ సభలో కూర్చున్నారు. నాయనా, ఆ పేరును ఈనాడు వెనక్కు తీసుకుంటున్నాను.