వాచ్ మీద "300 మీటర్లు" అని ఉంటే నీళ్ళల్లో దిగొచ్చా? పాత డైవ్ వాచ్ సర్వీసింగ్ గురించి మొత్తం

ఇవాళ ఫోన్ లేదు, ల్యాప్‌టాప్ లేదు. ఇవాళ మాట్లాడేది ఒక వాచ్ గురించి. స్మార్ట్ వాచ్ కూడా కాదు. దీనికి ఛార్జింగ్ లేదు, బ్యాటరీ లేదు, యాప్ లేదు. అయినా నడుస్తది. నడవకపోతే ఏం చెయ్యాలి, ఎవరికి ఇయ్యాలి, ఇచ్చేముందు ఏం అడగాలి, అదే ఇవాళ్టి టాపిక్.

వాచ్ పేరు ఓమెగా సీమాస్టర్ ప్రొఫెషనల్. 300 మీటర్ల మోడల్. నీలం డయల్, డయల్ మీద అలల గీతలు. 1997లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా "టుమారో నెవర్ డైస్"లో పియర్స్ బ్రాస్నన్ చేతికి ఉండేది ఈ రకమే. ఇప్పుడు నా ముందు టేబుల్ మీద ఉన్నది మాత్రం బాండ్‌ది కాదు, మా మేనమామది. మా మర్రిగూడ మామది.

మామ దుబాయ్‌లో పడవల ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపుల చాలా ఏండ్లు పనిచేసిండు. మన నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి గల్ఫ్ పోయినోళ్ళ ఇండ్లల్ల ఇసొంటి వాచ్ ఒకటి ఉంటనే ఉంటది. ఎక్కువగా సీకో, సిటిజన్, రాడో. మామ మాత్రం తిరిగొచ్చేటప్పుడు చేతికొచ్చిన సర్వీసు డబ్బుల్లోంచి కొంత తీసి ఇది కొనుక్కున్నడు. ఆయనకు బావిల ఈత వచ్చు గానీ సముద్రంల ఎప్పుడూ దిగలే. వాచ్ మాత్రం సముద్రం లోతుకు పోయేది. వచ్చే నెల ఆయన బిడ్డ ఉద్యోగానికి బెంగళూరు పోతున్నది. ఈ వాచ్ ఆమె చేతికి పెట్టి పంపాలని ఆయన కోరిక.

సమస్య ఏందంటే, రెండేండ్ల కింద ఒక షాపుల "క్లీనింగ్" అని వెనక మూత తెరిచిండ్రు. మళ్ళ బిగించిండ్రు. నీళ్ళ టెస్ట్ మాత్రం చెయ్యలే. ఈ వానాకాలం చూస్తే అద్దం లోపల పొగమంచులాగ తేమ. టైం కూడా రోజుకు నిమిషానికి పైన వెనకబడుతున్నది.

ఇక్కడ ఫస్ట్ పాయింట్ రాసిపెట్టుకోండి. అద్దం లోపల తేమ కనపడితే వాచ్‌ను బియ్యం డబ్బాల పెట్టకండి. ఫోన్‌కే అది అంత పనిచెయ్యదు, వాచ్‌కు అసలే పనికిరాదు. ఎండల పెట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పట్టకండి. పెట్టుకొని తిరగడం ఆపి, ఎంత తొందరగా అయితే అంత తొందరగా తెలిసినోళ్ళ దగ్గర మూత తీయించాలి. లోపల ఉన్నది స్టీలు. తేమ తగిలిన స్టీలు ఆగదు, తుప్పు పడుతది.

సరే, మరి 300 మీటర్లు అని రాసి ఉంది కదా, నీళ్ళు ఎట్ల పోయినయ్? చాలామంది అడిగే ప్రశ్న ఇదే.

300 మీటర్లు అంటే దాదాపు 984 అడుగులు. మర్రిగూడలో బోరు వేసినోళ్ళకు వెయ్యి అడుగులంటే ఎంత లోతో నేను చెప్పాల్సిన పని లేదు. కానీ ఆ నంబరు వాచ్ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజు సంగతి. డైవర్ల వాచ్‌లకు ఐఎస్ఓ 6425 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం రాసిన లోతు కంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి పరీక్ష చెయ్యాలి. అంటే ఆ రోజు వాచ్ పాస్. అయితే నీళ్ళను ఆపేది ఆ ఉక్కు ఒక్కటే కాదు. వెనక మూత కింద, అద్దం చుట్టూ, చావి దగ్గర సన్నటి రింగులు ఉంటయ్. గ్యాస్కెట్లు అంటారు. మన మోటరు పంపుల వాషర్ ఎట్లనో ఇవి అట్ల. ఏండ్లు గడిస్తే గట్టిపడతయ్, చదునైపోతయ్, పగులుతయ్. అప్పుడు 300 మీటర్ల వాచ్ కూడా చెయ్యి కడుక్కుంటే తడుస్తది. అందుకే ఏ వాచ్ అయినా మూత తెరిస్తే గ్యాస్కెట్ చూడాలి, ప్రెషర్ టెస్ట్ చెయ్యాలి.

ఈ వాచ్‌కు 10 గంటల అంకె పక్కన ఇంకో చిన్న బిరడా ఉంటది. చాలామంది దాన్ని అలారం అనుకుంటరు. అది హీలియం వాల్వ్. రోజుల తరబడి సముద్రం కింద ఒత్తిడి గదుల్లో ఉండి పనిచేసే డైవర్లు హీలియం కలిసిన గాలి పీలుస్తరు. ఆ హీలియం అణువులు చాలా చిన్నవి, వాచ్ లోపలికి దూరిపోతయ్. పైకి వచ్చేటప్పుడు అదే వాయువు లోపలి నుంచి అద్దాన్ని తన్నుతది. అది బయటికి పోవడానికే ఈ వాల్వ్. మనకు దాంతో పని లేదు. గట్టిగా బిగించి వదిలెయ్యండి. ముఖ్యంగా నీళ్ళల్లో దాన్ని తిప్పి ఆడుకోకండి.

ఇక లోపలి ఇంజన్. దీన్ని కాలిబర్ 1120 అంటరు. ఈటీఏ 2892 అనే బాగా పేరున్న స్విస్ మెషిన్ దీనికి ఆధారం. గంటకు 28,800 సార్లు కొట్టుకుంటది, అంటే సెకనుకు 8 సార్లు. లెక్క వేస్తే సంవత్సరానికి 25 కోట్లకు పైనే. ఇదంతా ఆవగింజలో పదోవంతు లేని నూనె చుక్కల మీద నడుస్తది. నూనె ఎండినంక కూడా వాచ్ ఆగదు, అదే ప్రమాదం. నడుస్తనే ఉంటది, ఇరుసులు అరుగుతనే ఉంటయ్. బండికి ఇంజన్ ఆయిల్ లేకున్నా పది కిలోమీటర్లు పోతది కదా, అట్ల. అందుకే "మంచిగనే నడుస్తున్నది కదా, సర్వీసు ఎందుకు" అనే మాట వాచ్‌ల విషయంల నిలబడదు. ఓమెగా చెప్పే లెక్క 5 నుంచి 8 ఏండ్లకు ఒకసారి.

మీ దగ్గర ఇసొంటి వాచ్ ఉంటే షాపుకు పోయేముందు ఫోన్‌తో ఒక చిన్న చెక్ చెయ్యొచ్చు. ఫోన్‌లో కంపాస్ యాప్ తెరిచి వాచ్‌ను పక్కకు తీసుకురండి. ముల్లు గట్టిగా ఊగితే వాచ్‌కు అయస్కాంతం పట్టి ఉండొచ్చు. స్పీకర్లు, ఫోన్ కవర్ల మాగ్నెట్లు, ట్యాబ్ కవర్లు కారణం. అయస్కాంతం పడితే చాలాసార్లు వాచ్ ఉన్నట్టుండి ముందుకు ఉరుకుతది. దాన్ని తీసే మెషిన్ షాపుల ఉంటది, నిమిషం పని. ఒక్క దానికి మొత్తం సర్వీసు బిల్లు కట్టకండి.

మామ వాచ్‌ది మాత్రం ఆ కథ కాదు. టైమ్‌గ్రాఫర్ అనే మెషిన్ మీద పెడితే ఆంప్లిట్యూడ్ 190 డిగ్రీలు చూపించింది. ఆంప్లిట్యూడ్ అంటే లోపలి బ్యాలెన్స్ చక్రం ఎంత దూరం ఊగుతుందో ఆ కొలత. పూర్తిగా చావి ఇచ్చి పడుకోబెడితే 270, 300 దగ్గర ఉండాలి. అంటే నూనె అయిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎక్కడ ఇయ్యాలి? మర్రిగూడ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ పోవాల్సిందే. అక్కడ రెండు దారులు.

ఒకటి, కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్. అసలు విడిభాగాలు, ప్రెషర్ టెస్ట్, రాతపూర్వక వారంటీ. ఖర్చు ఎక్కువ, టైం కూడా వారాల లెక్క.

రెండు, సొంతంగా పనిచేసే పాత చేతులు. హెచ్ఎంటీలు విప్పి విప్పి చెయ్యి తిరిగినోళ్ళు. ఖర్చు తక్కువ, మన మాట వింటరు. కానీ స్విస్ కంపెనీలు చాలావరకు విడిభాగాలను బయటి రిపేరర్లకు స్వేచ్ఛగా అమ్మవు. కాబట్టి అడగాల్సింది మూడు ప్రశ్నలు: ఈ మెషిన్ ఇంతకుముందు చేసిండ్రా? పార్టులు ఎక్కడివి? ప్రెషర్ టెస్ట్ మెషిన్ ఉందా? మూడోదానికి "అవసరం లేదు సార్" అంటే వాచ్ జేబుల పెట్టుకొని వచ్చెయ్యండి.

మేము మొదటి దారి పట్టినం, నీళ్ళు పోయిన వాచ్ కాబట్టి. ఎస్టిమేట్ చూస్తే ఒక మంచి సెకండ్ హ్యాండ్ బండి వస్తది. దాంట్లో డయల్ మార్చడం, ముళ్ళు మార్చడం, కేసు పాలిష్ కూడా ఉన్నయ్. కొత్తదాని లెక్క చేసి ఇస్తం అన్నరు.

ఇక్కడ ఆగాలి ఫ్రెండ్స్. ఎందుకంటే పాలిష్ అంటే గీతలు తుడవడం కాదు, ఉక్కును గీకి తీసేయడం. ఒకసారి తీస్తే మళ్ళ రాదు. మూలల పదును పోతది. పాత డయల్ సంగతి ఇంకా ముఖ్యం. 1990ల మధ్య దాకా వచ్చిన చాలా వాచ్‌లలో చీకట్ల మెరవడానికి ట్రిటియం వాడేవాళ్ళు. దాని శక్తి సుమారు 12 ఏండ్లకు సగమైతది. ఇప్పుడు మెరవదు గానీ పసుపు తిరిగిన ఆ రంగు కోసమే పాత వాచ్‌లు వెతికేటోళ్ళు ఉన్నరు. మార్చిన డయల్ కొత్తగ ఉంటది, కానీ అసలుది కాదు. అమ్మే రోజు వస్తే ధరల తేడా కనపడుతది.

మామకు ఫోన్ చేసి చెప్పిన. డయల్ మీద తేదీ గడి పక్కన తేమకు ఒక మచ్చ పడ్డది, మార్చమంటరా అని.

"మెరుపు నాకెందుకు అల్లుడా. ఆ గీతలన్నీ ఇంజన్ల కింద చెయ్యి పెడితే పడ్డయే. అవి గీకేస్తే నా బిడ్డకు ఏం ఇస్తున్నట్టు? లోపల మంచిగ చెయ్యమను, నీళ్ళు రాకుండ చెయ్యమను. మచ్చ ఉండనీ."

అదే రాసి ఇచ్చినం. రసీదు మీద నాలుగు లైన్లు రాయించుకున్నం: పాలిష్ వద్దు. డయల్, ముళ్ళు మార్చొద్దు. గ్యాస్కెట్లన్నీ, చావి మార్చాలి. తీసిన పార్టులు వాపస్ ఇయ్యాలి. నోటి మాటకు, రసీదుకు చాలా ఫరక్ ఉంటది. ఇచ్చేముందు డయల్, వెనక మూత, సీరియల్ నంబరు, చైన్ లింకులు అన్నీ ఫోన్‌తో వీడియో తీసుకోండి. ఎవరి మీద అనుమానంతో కాదు, ఇద్దరికీ మంచిది.

సర్వీసులో జరిగేది ఏందంటే, మెషిన్‌ను ఒక్కో స్క్రూ విప్పుతరు. అల్ట్రాసోనిక్ మెషిన్‌లో కడుగుతరు. అరిగిన ఇరుసులు చూస్తరు. ఒక్కో చోటికి ఒక్కో రకం నూనె పెట్టి మళ్ళ కలుపుతరు. వేర్వేరు కోణాల్లో టైం సరిచూస్తరు. చివరికి నీళ్ళ టెస్ట్. దాంట్లో ఒకటి భలే సింపుల్: వాచ్‌ను 40 డిగ్రీల పైకి వేడి చేసి అద్దం మీద చల్లటి నీటి చుక్క వేస్తరు. ఒక నిమిషం తర్వాత తుడిచి చూస్తరు. లోపల మబ్బు పడితే ఫెయిల్.

వాచ్ మొన్న వచ్చింది. ఆంప్లిట్యూడ్ 290. రోజుకు 3 సెకన్లు ముందు. మచ్చ అట్లనే ఉంది, గీతలు అట్లనే ఉన్నయ్. విప్పిన పాత గ్యాస్కెట్లు చిన్న కవర్లో పెట్టి ఇచ్చిండ్రు. ఒకటి రెండు ముక్కలైంది. నీళ్ళు పోయిన దారి అదే.

ఇప్పుడు మామ బిడ్డకు, మీకు కూడా, నాలుగు జాగ్రత్తలు. చావి లోపలికి నొక్కి పూర్తిగా బిగిసిందా లేదా రోజూ చూసుకోండి. వేడి నీళ్ళ స్నానానికి, సబ్బుకు దూరం పెట్టండి. రాత్రి 9 నుంచి తెల్లవారి 3 దాకా తేదీ మార్చకండి, ఆ టైంల లోపలి పళ్ళు పట్టుకొని ఉంటయ్. ఏడాదికి ఒకసారి ప్రెషర్ టెస్ట్ చేయించండి, అది పెద్ద ఖర్చు కాదు.

ఇక మీకు పని. ఈ ఆదివారం ఇంట్ల బీరువా తెరవండి. నాయినదో, తాతదో ఆగిపోయిన వాచ్ ఒకటి ఉంటది. చావి తిప్పి చూసుడు కంటే ముందు, అది ఎక్కడ కొన్నరో, ఎందుకు కొన్నరో ఆళ్ళనే అడగండి. ఆళ్ళు చెప్పగలిగినప్పుడే అడగండి. ఆ తర్వాత ఏం మార్చాలి, ఏం మార్చొద్దు అనేది మీకే తెలుస్తది.

వచ్చే ఎపిసోడ్‌ల కలుద్దాం. ఉంట మరి.