ఇంజనులో గాలి, ఇంధనం పాళ్లు

(రైతు శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట ఇంజన్లను గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. ఇంజను భాగాలన్నీ విప్పి చెప్పాలంటే ఒక్క పూట చాలదు. అందుచేత ఒక్క విషయమే ఎత్తుకుంటాను. ఇంజనులో పోసే డీజిలును మీరు లీటరుతో కొలుస్తారు, రూపాయలతో లెక్క కడతారు. దానితో పాటు లోపలికి పోయే గాలిని మాత్రం ఎవరూ కొలవరు. ఊరికే వచ్చేది గనుక దాని లెక్క మనకు పట్టదు. కాని డీజిలు డబ్బు దండుగ అయ్యేదీ, ఇంజను అర్ధాయుష్షుతో మూలపడేదీ, ఒక్కొక్కప్పుడు మనిషి ప్రాణమే పోయేదీ చాలావరకు ఈ గాలి లెక్క తప్పడం వల్లనే.

లాంతరు చెప్పే పాఠం

లాంతరు వెలిగించిన పెద్దలు మీలో చాలామంది ఉన్నారు. వెలుగు చాలలేదని వత్తి మరీ పైకి ఎగదోస్తే ఏమవుతుంది? మంట ఎర్రబడుతుంది, చిమ్నీ మసి బారుతుంది, ఉన్న వెలుగు కూడా తగ్గిపోతుంది. కిరసనాయిలు మాత్రం ఎక్కువ ఖర్చవుతుంది. కారణం ఏమంటే, వత్తి ఇచ్చే నూనెకు సరిపడే గాలి కింది రంధ్రాల గుండా రాలేదు. కాలని నూనె మసి అయింది. పొయ్యి రాజుకోనప్పుడు మన ఆడవాళ్లు కట్టె మీద కట్టె పెట్టరు, ఊదుగొట్టం తీసుకుంటారు. ఇంజను విషయంలో ఈ తెలివిని మనం మరచిపోతున్నాము.

ఒక కిలో డీజిలు పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం సుమారు 14.5 కిలోల గాలి కావాలి. పెట్రోలుకూ దాదాపు అంతే, 14.7 కిలోలు. ఐతే డీజిలు ఇంజనులో నూనె చివరి క్షణంలో తుంపరగా చిమ్మబడుతుంది. ప్రతి తుంపరా తన పాలు గాలిని వెతుక్కొని కాలడానికి రెప్పపాటు వ్యవధి కూడా ఉండదు. అందుకని ఆ ఇంజనుకు లెక్కకు మించిన గాలి, కిలోకు సుమారు 20 కిలోల దాకా, అందుబాటులో ఉండాలి.

మన వైపు కాలువ నీరు తోడే 5 అశ్వశక్తి ఇంజను ఒకటి తీసుకుందాము. సిలిండరు వ్యాసం 80 మిల్లీమీటర్లు, పిస్టను నడక 110 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక్కొక్క పీల్పుకు అర లీటరు పైచిలుకు గాలి పడుతుంది. నిముషానికి 1500 చుట్లు తిరిగితే, రెండు చుట్లకు ఒకసారి చొప్పున 750 సార్లు పీలుస్తుంది. నిండుగా నిండని పీల్పులను తీసివేసినా గంటకు సుమారు 20 వేల లీటర్ల గాలి! దాని బరువు 20 కిలోలకు పైనే. అదే గంటలో నిండు బరువు మీద అది తాగే డీజిలు కిలో, కిలోం బావు. ఇక చెప్పండి, ఇంజను దేనిని ఎక్కువ మేస్తున్నది?

డీజిలు ఇంజనులో పాళ్లు ఎవరు చూస్తారు?

చాలామంది రైతులు యాక్సిలేటరు తొక్కితే గాలీ డీజిలూ రెండూ పెరుగుతాయనుకుంటారు. డీజిలు ఇంజనులో అట్లా కాదు. గాలి దారికి తలుపు లేదు. ప్రతి పీల్పులోనూ పట్టినంత గాలి పోతుంది. మారేది డీజిలు ఒక్కటే. బరువు పడి ఇంజను వేగం తగ్గబోగానే గవర్నరు పంపును కదిలించి డీజిలు పెంచుతుంది. బరువు తగ్గగానే తగ్గిస్తుంది.

దీనివల్ల ఒక సంగతి తేలుతున్నది. ఉన్న గాలి ఎంత డీజిలును కాల్చగలదో అంతే ఆ ఇంజను బలం. ఆ హద్దు దాటి డీజిలు పోస్తే అది బలంగా మారదు, నల్లపొగగా బయటికి పోతుంది. ఇంజను తయారుచేసినవారు ఈ హద్దును చూసే పంపు మీద స్క్రూ బిగించి సీలు వేస్తారు.

నేను స్వయంగా చూచిన ఒక సంగతి మనవి చేస్తాను. కాలువ చివరి పొలాల రైతు ఒకరికి నారుమడి రోజుల్లో ఇంజను బలం తగ్గింది. మెకానిక్కు వచ్చి సీలు తెంపి, స్క్రూ తిప్పి డీజిలు పెంచాడు. మొదటి రెండు రోజులు కాస్త లాగినట్లే అనిపించింది. తరువాత పొగ తారులాగా వచ్చింది. మునుపటికన్న డీజిలు ఎక్కువ తాగింది. కాలని డీజిలు సిలిండరు గోడల వెంట దిగి ఇంజనాయిలును పలుచన చేసింది. పిస్టను రింగులు మసితో పట్టుకుపోయాయి. సరిగ్గా నాట్ల వేళకు ఇంజను నిలిచింది. విప్పి చూస్తే మొదటి జబ్బు ఏమిటో తెలుసునా? గాలి వడపోసే ఏర్ క్లీనరు నిండా పీచు, దుమ్ము, అట్టలు కట్టిన బురద. గంట సేపు శుభ్రం చేస్తే పోయే జబ్బుకు లైనరు, పిస్టను, రింగులు మార్చవలసి వచ్చింది. నారు ముదిరిపోయింది. ఆయన అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తే: “అయ్యా, ఊపిరాడని వాడికి అన్నం కుక్కినట్లయింది గదా!” నేను ఇంతకన్న బాగా చెప్పలేను.

పొగ రంగు చూచి జబ్బు గుర్తించండి

మంచి ఇంజను బరువు మీద ఉన్నప్పుడు పొగ పలుచగా, కనీ కనపడనట్లు ఉంటుంది.

నల్లపొగ వస్తే గాలికి మించిన డీజిలు పోతున్నదని అర్థం. మొదట ఏర్ క్లీనరు చూడండి. తరువాత బరువు చూడండి. పెద్ద పంపును చిన్న ఇంజనుకు తగిలించినా, రోటవేటరును మరీ లోతుకు దించినా పొగ నల్లబడుతుంది. ఈ రెండూ సరిగా ఉంటే నాజిలు చూపించండి. అరిగిన నాజిలు తుంపర చిమ్మక చుక్కలు కారుస్తుంది. సైలెన్సరులో మసి పేరుకొని పొగ బయటికి పోలేకపోయినా, కొత్త గాలికి లోపల చోటు చాలదు.

నీలిపొగ వస్తే ఇంజనాయిలు కాలుతున్నది. ఇది పాళ్ల జబ్బు కాదు, చాలావరకు రింగుల అరుగుదల. క్లీనరులో ఆయిలు గీత దాటి పోసినా అది లోపలికి పీల్చబడి నీలిపొగ రావచ్చును.

తెల్లపొగ చలిలో ఇంజను వేసిన కొద్ది నిముషాలు వస్తే భయం లేదు. వేడెక్కిన తరువాత కూడా వస్తుంటే డీజిలు కాలకుండానే ఆవిరై పోతున్నదనో, నీరు చేరుతున్నదనో అనుమానించాలి.

ఏర్ క్లీనరు సంరక్షణ

క్లీనరు తీసివేస్తే గాలి బాగా ఆడుతుంది గదా అని కొందరు దానిని విప్పి పక్కన పెడతారు. ఇది ఇంజనుకు ఉరి. దుమ్ము అంటే మెత్తని ఇసుకే. ఇంజనాయిలుతో కలిసి అది ఆకురాయిలాగా లైనరును అరగదీస్తుంది.

ఆయిలు గిన్నె ఉన్న క్లీనరును దుక్కి, నూర్పిడి రోజుల్లో రోజూ విప్పి చూడాలి. గిన్నె అడుగున మడ్డి పేరుకుంటే పారబోసి, డీజిలుతో కడిగి, గీత వరకే కొత్త ఆయిలు పోయాలి. తక్కువైతే దుమ్ము ఆగదు. ఎక్కువైతే ఇంజను ఆ ఆయిలునే పీల్చుకొని చెయ్యి దాటి పరుగెత్తే ప్రమాదం ఉన్నది. కాగితపు వడపోత ఉంటే డీజిలుతో గాని పెట్రోలుతో గాని కడగరాదు. మెల్లగా తట్టాలి. గాలి కొట్టదలిస్తే తక్కువ వత్తిడితో లోపలి నుండి బయటికి కొట్టాలి. చిల్లు పడితే మార్చవలసిందే. క్లీనరుకూ ఇంజనుకూ మధ్య రబ్బరు గొట్టం చిట్లితే క్లీనరు ఉండీ లేనట్లే.

ఇంకొక మాట. సిలిండరులోకి పోయే గాలి మిత్రుడు, డీజిలు గొట్టంలో చేరిన గాలి శత్రువు. ట్యాంకు పూర్తిగా ఎండనిస్తే గొట్టాలకు గాలి పట్టి ఇంజను అందుకోదు. అప్పుడు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిలు ధారగా వచ్చేదాకా కొట్టి బిగించాలి. నాజిలు పనితీరు చూసేటప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టకండి. ఆ తుంపర చర్మంలో దూరిపోతుంది.

50 అశ్వశక్తి మించిన కొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి పొగ నియమాలు గట్టిపడ్డాయి. వీటిలో అనేకం డీజిలు కొలతను కంప్యూటరు పెట్టెతో నడుపుతున్నాయి. వాటి జోలికి ఊరి మెకానిక్కును పోనివ్వకండి. ఐతే అవి కూడా క్లీనరు గుండానే గాలి పీలుస్తాయి. ఆ పని మాత్రం మీదే.

పెట్రోలు ఇంజన్లు

మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే యంత్రాలు, కలుపు తీసే చిన్న యంత్రాలు చాలావరకు పెట్రోలుతో నడుస్తాయి. వీటిలో పాళ్లు చూచేది కార్బురేటరు. గాలి ఒక ఇరుకు గొంతు గుండా వేగంగా పోతుంది. ఆ వేగానికి అక్కడ వత్తిడి తగ్గి, పెట్రోలు సన్నని రంధ్రం నుండి పైకి లేచి గాలిలో కలుస్తుంది. యాక్సిలేటరు ఇక్కడ ఈ కలిసిన గాలికి తలుపు.

చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకని చోకు మూసి గాలి తగ్గిస్తే పెట్రోలు పాలు పెరిగి ఇంజను అందుకుంటుంది. వేడెక్కగానే చోకు తెరవాలి. మరచిపోతే పెట్రోలు దండుగ, ప్లగ్గు మసి.

ప్లగ్గు విప్పి చూడండి. కొన లేత గోధుమరంగులో ఉంటే పాళ్లు కుదిరినట్లు. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, లేదా గాలి వడపోత మూసుకున్నది. తెల్లగా మాడినట్లుంటే గాలి ఎక్కువ, పెట్రోలు చాలడం లేదు. ఈ రెండవది టూ స్ట్రోకు ఇంజనుకు చాలా చెడ్డది. ఆ ఇంజనుకు కందెన అందేది పెట్రోలుతో కలిసి వచ్చే ఆయిలు వల్లనే. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గి పిస్టను పట్టేస్తుంది. ఆయిలు ఎక్కువ కలిపితే మేలని కూడా అనుకోకండి. అదే రంధ్రం గుండా పోయే పెట్రోలు అంత మేరకు తగ్గుతుంది. పుస్తకంలో చెప్పిన పాలే కలపండి.

2025 నాటికి మన బంకుల పెట్రోలులో ఇథనాలు నూటికి 20 పాళ్ల వరకు చేరింది. ఇథనాలులో ప్రాణవాయువు కొంత తనలోనే ఉన్నది. అందుచేత పాత కార్బురేటరులో దీనిని పోస్తే గాలి పాలు కొంచెం ఎక్కువైనట్లే పనిచేస్తుంది. అది తేమను కూడా లాగుతుంది. కనుక పాత యంత్రాల ప్లగ్గును తరచు చూడండి. పంట పని ముగిసిన తరువాత ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలినది కూడా కాలిపోయేదాకా నడిపి దాచండి.

బావిలోకి ఇంజను దించకండి

ఇక చివరి మాట, అన్నిటికన్న ముఖ్యమైనది. పంపు సుమారు 7 మీటర్లకు మించిన లోతు నుండి నీటిని పీల్చలేదు. అందుకని నీరు అడుగంటినప్పుడు, పూడిక తీయవలసి వచ్చినప్పుడు ఇంజనునే బావిలోకి దించే అలవాటు ఉన్నది. గాలి చాలకుండా కాలిన ఇంధనం నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు ఇంజను పొగలో ఇది ఎక్కువ. డీజిలు ఇంజను కూడా బావిలో తన పొగను తానే తిరిగి పీలుస్తుంది గనుక అక్కడ దానికి మంచి గాలి అందదు. ఈ వాయువు మనిషి రక్తాన్ని ప్రాణవాయువు కన్న 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, కాళ్లు సత్తువ తప్పడం, ఆ పైన పైకెక్కే శక్తి ఉండదు.

దీపం దించి చూశాము, ఆరలేదు అంటారు. దీపం ప్రాణవాయువు తగ్గితే ఆరుతుంది గాని ఈ విషానికి ఆరదు. దీపం వెలుగుతున్న బావిలోనే మనుషులు పోవచ్చును. ఒకరు పడిపోతే రక్షించడానికి రెండవవారు, వారికోసం మూడవవారు దిగి ఒకే ఇంటివాళ్లు ముగ్గురూ పోయే ప్రమాదం ఉన్నది. ఇంజను గట్టునే ఉంచి, లోతుకు కరెంటు మునుగుడు మోటారు వాడండి. ఎవరైనా పడిపోతే దిగకండి. ఇంజను ఆపించి, కేకవేసి, 108కి, అగ్నిమాపక దళం వారి 101కి ఫోను చెయ్యండి. గదిలో ఇంజను పెట్టినవారు సైలెన్సరు గొట్టం గోడ బయటికి తీయండి.

సోదరులారా! నేను చెప్పినదంతా మూడు మాటల్లో మీ ఇళ్లకు తీసుకుపోండి. రోజూ క్లీనరు చూడండి. పొగ నల్లబడితే స్క్రూ తిప్పించకముందు గాలి దారి వెతకండి. బావిలోకి ఇంజనును గాని, ఇంజను నడిచిన బావిలోకి మనిషిని గాని దించకండి. డీజిలుకు డబ్బు పెడుతున్నారు. దానిని కాల్చే గాలికి పెట్టవలసినది కొంచెం శ్రద్ధే.

ఇప్పుడు చెట్టు కింద ఉన్న ఇంజను దగ్గరకు పోదాము. క్లీనరు మీ చేతులతోనే విప్పిస్తాను.