పారిపోయిన పిల్ల రాసిన దారి
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హాస్టల్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు సంఘం వారు. హాస్టల్ అంటే మాకు బియ్యం, కందిపప్పు, గుడ్లు, హాజరుపట్టీ. ఆ లెక్కలు మీకెందుకు గానీ, పోయిన చలికాలం జరిగిన సంగతి ఒకటి చెప్తాం.

విశాఖ నుంచి ఒక రచయిత మా హాస్టల్‌కి వచ్చారు. ఏ పత్రికలోనూ ఉద్యోగం లేదు. రాసినదానికి వచ్చే డబ్బులే ఆధారం. తెల్లవారకముందే బీచ్ రోడ్డు మీద పరిగెత్తుతారట, వీలు దొరికితే ఊళ్లు తిరుగుతారట, పాత చరిత్ర వెతుకుతారట. "ప్రయాణం, చరిత్ర, పరుగు. ఈ మూడూ నాకిష్టం. మీలో ఎవరికిష్టం?" అని పిల్లల్ని అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. మాకు సిగ్గేసింది.

ఆ రాత్రి ఆలోచిస్తే అసలు సిగ్గు వేరే ఉందని తెలిసింది. అంతకు మూడు వారాల ముందే మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె గోడ దూకి ఇంటికి వెళ్లిపోయింది. తెల్లవారుజామున బయల్దేరి, బస్సు రోడ్డు మీద కనబడితే పట్టుకుంటారని కాలిబాటన కొండెక్కి, పొద్దుగూకేసరికి ఊరు చేరింది. పైన ఫోన్లు అందవు. రెండు రాత్రులు మాకు నిద్ర లేదు. మూడో రోజు తండ్రి వెంటబెట్టుకొచ్చి, "తిట్టకండి మేడమండి. వాళ్లమ్మకి జ్వరమని తెలిసింది. అడిగితే మీరు పంపరనుకుంది" అన్నాడు.

నిజమే, పంపేవాళ్లం కాదు. శనివారం దాకా ఆగమనేవాళ్లం. కొట్టలేదు గానీ, రిజిస్టర్లో 'పారిపోయినది' అని రాశాం.

రచయిత వెళ్లాక ఆ పిల్లకి ఒక నోటుబుక్కు ఇచ్చి, ఎలా వెళ్లావో రాయమన్నాం. శిక్ష అనుకుని ఏడ్చింది. తర్వాత నాలుగు పేజీలు రాసింది. ఏ గెడ్డ నీళ్లు తాగొచ్చో, ఏ పనస చెట్టు దగ్గర ఎడమకి తిరగాలో, ఎలుగ్గొడ్డు భయంతో ఎక్కడ పరుగెత్తిందో అన్నీ ఉన్నాయి. తెలుగు మాట దొరకనిచోట ఇంటి మాటే రాసింది. మూడో పేజీలో ఒక వాక్యం: "ఇక్కడ రోడ్డు కనిపిస్తది, మా తాతలు రాళ్లు మోసిన రోడ్డని నాన్న చెప్పాడు."

అది నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే రోడ్డు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన వాళ్లచేత వెట్టిలా పనిచేయించి, చెప్పిన కూలి ఇవ్వకుండా వేయించిన రోడ్డు. గాం గంటందొర, మల్లుదొర సోదరుల కోపం అక్కడే రగిలింది. అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. కొండలూ అడవులూ దాటి మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు! తేదీలు పాఠంలో ఉన్నాయి, మా పిల్లలకు కంఠతా వచ్చు. ఆ బాటలు చూపించినవాళ్ల పేర్లు పాఠంలో లేవు. అదే మల్లుదొర జైలు నుంచి వచ్చాక, 1952లో ఈ విశాఖపట్నం స్థానం నుంచే లోక్‌సభకు వెళ్లారు. ఈ సంగతి ఎంతమందికి తెలుసని మా పిల్లల్ని అడిగితే మళ్లీ ఒక్క చెయ్యీ లేవలేదు. తప్పు వాళ్లది కాదు, చెప్పనిది మేమే.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దిగిన ప్రతి మజిలీ గురించీ రాశారు. నీళ్లు, బావులు, అంగళ్లు, ఏదీ వదల్లేదు. గొప్ప పుస్తకమే, బీఈడీలో చదివినప్పటినుంచీ మాకిష్టం. కానీ ఆయన సవారీ మోసిన బోయీలు కూడా అంత దూరమూ వెళ్లొచ్చారు కదా? వాళ్ల కాశీయాత్ర ఎవరూ రాయలేదు.

ఇక పరుగు. "మీ పిల్లలు కొండలెక్కి దిగుతారు, పరుగు వాళ్లకి పుట్టుకతోనే వస్తుంది" అని ఆటల పోటీల దగ్గర పెద్దలు మెచ్చుకుంటారు. మాకది మెచ్చుకోలులా వినబడదు. పుట్టుకతో వస్తే ఇంకేమీ ఇవ్వక్కర్లేదు కదా! ఇదే విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ పేదింటి పిల్ల. పోర్టు స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పొడవు చూసి హర్డిల్స్‌కి పనికొస్తుందని గుర్తించారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ల శిక్షణ, మంచి ట్రాకు, సరైన తిండి. అప్పుడు వచ్చింది 2023లో చెంగ్డూలో 12.78 సెకన్ల జాతీయ రికార్డు. మా పిల్లలు ఇప్పటికీ కంకర తేలిన గ్రౌండులో ఉత్త కాళ్లతో పరిగెత్తుతున్నారు. సంఘం వారు ఈ ఏడాది సన్మానాల శాలువాలు తగ్గించి, ఆ డబ్బుతో పదిహేను జతల బూట్లు కొంటే బాగుంటుంది. కొలతలు మా దగ్గర రాసి ఉన్నాయి.

ఇంట్లో జబ్బని కబురొస్తే ఇప్పుడు శనివారం దాకా ఆపడం లేదు. ఆయాను తోడిచ్చి ఆ రోజే పంపుతున్నాం. వెళ్లొచ్చిన ప్రతి పిల్లా దారి రాయాలి. పదకొండుమంది రాశారు. రిజిస్టర్లో 'పారిపోయినది' కొట్టేసి 'ఇంటికి వెళ్లినది' అని రాశాం. పైఅధికారులు అడిగితే సమాధానం చెప్పుకుంటాం.

ఆ పిల్ల ఈ సభలోనే ఉంది. పేరు చెప్పొద్దంది. నోటుబుక్కు బయట బల్ల మీద పెట్టాం, చూడండి. తప్పులు దిద్దకండి. పనస చెట్టు దగ్గర ఎడమకా కుడికా అన్నదాని మీద మాత్రం ఆ ఊరివాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వాళ్ల నాన్న కుడికి అంటున్నాడు.