బొంగు వయసు చూడకుండా కత్తి పెట్టొద్దు



వానలు పడి వెదురు పొదల్లో పిలకలు లేచే రోజులివి. ఏటా ఈ రోజుల్లోనే నాకు ఒకటే ప్రశ్న వస్తూ ఉంటుంది. "తోట వేసి ఐదేళ్ళయిందండి. కిందటేడు కోసి అమ్మాం. ఈసారి పిలకలు బొటనవేలంత లావు కూడా లేవు. ఏం మందు వెయ్యమంటారు?" అని. మందు సంగతి పక్కన పెట్టండి. ముందు నాకొక మాట చెప్పండి, కిందటేడు ఏ బొంగులు కోశారు?

చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. "బాగున్నవన్నీ కోశాం" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. వెదురులో మన కంటికి బాగున్నది కోతకు వచ్చినట్టు కాదు. మామిడి చెట్టో, టేకు చెట్టో అయితే ఏటేటా లావెక్కుతుంది, లావు చూసి వయసు చెప్పొచ్చు. వెదురు అలా కాదు. నేలలోంచి పిలక ఎంత లావున బయటికొస్తే ఆ బొంగు జన్మంతా అంతే లావు. రెండు మూడు నెలల్లో నిలువెత్తు పెరిగిపోతుంది. ఆ తర్వాత ఎత్తూ పెరగదు, లావూ పెరగదు, లోపల గట్టిపడుతుంది. గట్టిపడటానికి మూడేళ్ళు కావాలి.

కొత్త పొదలో ఏ యేటికాయేడు పిలకలు ముందటేడు కన్నా లావుగా, పొడుగ్గా వస్తాయి. అంటే నాలుగేళ్ళ తోటలోకి వెళ్ళి చూస్తే అన్నిటికన్నా లావైన బొంగు, నిటారుగా, నిగనిగలాడే బొంగు ఏది? ఈ యేడు పుట్టింది. వయసులో అన్నిటికన్నా చిన్నది. సన్నగా, వంకరగా, పొద నడుమ ఉన్నవి పాతవి. కొనేవాడి కన్ను ఎప్పుడూ ఆ లావు బొంగు మీదే పడుతుంది. అది పోతే మరుసటేటి పంట కూడా పోయినట్టే, ఎందుకంటే కొత్త పిలక పుట్టేది ఎక్కువగా పోయినేటి బొంగుల, అంతకు ముందేటి బొంగుల దుంపల మీదున్న మొగ్గల్లోంచే. ఆ బొంగుల ఆకులు వండిన తిండే దుంపలోకి దిగి, వచ్చే వానల్లో పిలకై లేస్తుంది. వాటిని నరికేస్తే దుంపకు తిండి ఎక్కడిది? అందుకే బొటనవేలంత పిలకలు.

మెట్ట ప్రాంతంలో, బుట్టాయగూడెం వైపు, ఒక రైతుకు రెండెకరాల వెదురు తోట ఉంది. ముళ్ళు లేని బాల్కోవా రకం. ఐదు మీటర్ల ఎడంతో ఎకరానికి నూట అరవై మొక్కలు వేశాడు. బోరు నీళ్ళిచ్చాడు, పశువుల ఎరువు వేశాడు, తోట చక్కగా వచ్చింది. నాలుగో యేడు భాద్రపదంలో, ఇంకా వానలు పడుతుండగానే, ఒక వ్యాపారి వచ్చి తోట మొత్తం చూసి గుత్తగా ధర చెప్పాడు. ఇంట్లో పెళ్ళి ఖర్చులు ఉన్నాయి. రైతు సరే అన్నాడు. కూలీలు దిగి నాలుగు రోజుల్లో కోసుకుపోయారు. ఏవి కోశారంటారు? పరంజా కట్టడానికి చూపుకి నదురుగా ఉన్న లావు బొంగులన్నీ. ఎత్తుగా నిలబడి నరికారు కాబట్టి మోకాలెత్తు మోళ్ళు మిగిలాయి. ఆ మోళ్ళ నిండా వాన నీళ్ళు.

లారీ ఎక్కిన ఆ బొంగులు కూడా పూర్తిగా అక్కరకు రాలేదు. లేత బొంగు ఎండితే ముడుచుకుపోతుంది, చీలుతుంది, బూజు పడుతుంది. అందులో సగం సరుకు వెనక్కి పంపారని, ఇస్తామన్న డబ్బులో కోత పెట్టారని రైతు చెప్పాడు. మరుసటి వానలకి తోటలో లేచినవి పుల్లల్లాంటి పిలకలు. అప్పుడు నన్ను పిలిచాడు.

నేను వెళ్ళిన రోజున ఆ ఊళ్ళో బుట్టలల్లే మేదరి పెద్దావిడ కూడా అక్కడే ఉంది. చేటలకీ తట్టలకీ బొంగులు అడగడానికి వచ్చింది. ఆవిడ పొదలోకి వెళ్ళి కత్తి వెనక వైపుతో ఒక్కో బొంగునీ తట్టుకుంటూ పోయింది. "ఇది నిరుటిది బాబూ. ఇది ముందటేటిది. ఇదిగో, ఇదొక్కటే ముదురు." ముదురుది తడితే కణేలుమంటుంది, లేతది బొద్దుగా పలుకుతుంది. నేను ఒక్కోదాని తొడుగులూ, కణుపులూ చూసి సరిచూసుకున్నాను. ఒక్కటీ తప్పలేదు. ఈ రాష్ట్రంలో వెదురు పెంచే ప్రతి రైతూ ముందు తన ఊరి మేదరి ఇంటి గుమ్మం ఎక్కాలని నేను ఏ సభకు వెళ్ళినా చెబుతాను. ఆ చేతుల్లో ఉన్న చదువు మన శిక్షణ శిబిరాల్లో దొరకదు. బుట్టలకి కొంచెం లేత బొంగే కావాలి, ముదురుది బద్దలుగా సాగదు. అయినా ఆవిడ "ఈ యేడు ఈ పొదలో ముట్టుకోను, ఇది కోలుకోవాలి" అని వట్టి చేతులతో వెళ్ళిపోయింది.

రైతుకి నేను చెప్పింది కూడా అదే. రెండు వానలు కత్తి లోపలికి వెళ్ళకూడదు. సన్న పిలకలైనా సరే, వాటి ఆకే ఇప్పుడు దుంపకు ఆధారం. మోళ్ళను నేలకు దగ్గరగా, కణుపు మీదుగా కోయించాం. పొద చుట్టూ ఎరువు వేసి మట్టి ఎగదోయించాం. రాలిన ఆకు తగలబెట్టకుండా పొద మొదట్లోనే పరిపించాం. మూడో వానలకి లేచిన పిలకలు మణికట్టు లావున వచ్చాయి. తోట నిలబడింది, కానీ ఆదాయం రావాల్సిన యేళ్ళు పోయాయి.

ఇప్పుడు వయసు ఎలా చూడాలో చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి. ఈ యేటి బొంగుకి కణుపుల దగ్గర తొడుగులు ఇంకా అతుక్కుని ఉంటాయి, ఒంటి మీద తెల్లని పొడి ఉంటుంది, కొమ్మలు అప్పుడప్పుడే వస్తుంటాయి. రెండో యేటికి తొడుగులు రాలిపోతాయి, కొమ్మలు నిండుగా ఉంటాయి, రంగు ఇంకా పచ్చనే. మూడు దాటితే ఆ నిగనిగ పోయి, తెల్లటి బూడిద రంగు మచ్చలు పడతాయి, ఆకుపచ్చలో పసుపు కలుస్తుంది. ఇది కష్టమనిపిస్తే ఇంకో దారి ఉంది. ఆ బుట్టాయగూడెం రైతు ఇప్పుడు ప్రతి సంక్రాంతికీ ఆ యేడు పుట్టిన బొంగులకి ఒక రంగు పట్టీ వేస్తున్నాడు. ఒక యేడు ఎరుపు, ఒక యేడు తెలుపు, ఒక యేడు నీలం. కోతకు వచ్చిన కూలీకి "ఎరుపువే కొయ్యి" అంటే చాలు. ఒక డబ్బా రంగు ఖర్చుతో తోట నిలుస్తుంది. దయచేసి ఈ సంక్రాంతికి మీరూ మొదలుపెట్టండి.

కోత కార్తీకం నుంచి మాఘం లోపు. వానల్లో కోయొద్దు, పిలకలు విరుగుతాయి. నేల నుంచి జానెడు ఎత్తు లోపల, కణుపుకి ఆనుకుని పైన కోయాలి, నీళ్ళు నిలవకూడదు. పొద నడుమ ముదురు బొంగులుంటాయి కాబట్టి పిలకలు రాని వైపు నుంచి గుర్రపు నాడా ఆకారంలో దారి చేసుకుని లోపలికి వెళ్ళాలి. ఏడాదివి, రెండేళ్ళవి అన్నీ ఉంచాలి. మూడేళ్ళవాటిలో కూడా కొన్ని ఉంచితే గాలికి పొద ఒరగదు. గుత్తకి ఇవ్వొద్దు. బొంగుల లెక్కనో, టన్నుల లెక్కనో అమ్మండి, కోసేటప్పుడు మీరో, మీ ఇంటి మనిషో పొద దగ్గర నిలబడండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నీరు నిలిచే నేలలో వెదురు వేయొద్దు. వర్షం తక్కువ ఉన్నచోట మన అడవుల్లో ఉండే సాదనపు వెదురు తట్టుకుంటుంది, కర్ర గట్టిది. ముళ్ళ వెదురు బాగా దిగుబడి ఇస్తుంది గానీ, కింది ముళ్ళకొమ్మలు ఏటా తీయకపోతే లోపలికి చెయ్యి పోదు. మొక్క కొనేటప్పుడు అది విత్తనం మొక్కా, ముదురు పొద నుంచి తీసిన కొమ్మ మొక్కా అడగండి. కొమ్మ మొక్కకి తల్లి పొద వయసే ఉంటుంది, తల్లి పూస్తే ఇదీ పూస్తుంది. చాలా రకాల్లో అలా గుంపుగా పూసిన పొద చచ్చిపోతుంది. మిజోరంలో 48 ఏళ్ళకోసారి వెదురు పూసి, ఆ గింజ తిన్న ఎలుకలు పెరిగి పంటల మీద పడితే 1959లో కరువొచ్చింది. ఇక సొంత పొలంలో వెదురు కోతకి అనుమతి గొడవ 2017లో అటవీ చట్టం సవరించాక తగ్గింది. అయినా లారీ కదిలేటప్పుడు అడంగల్ నకలు దగ్గర పెట్టుకోండి. కొనేవాళ్ళెవరో తెలుసుకోకుండా మొక్క నాటొద్దు. కాగితం మిల్లులు ఒకప్పుడు వెదురు మీద నడిచేవి, ఇప్పుడు సరుగుడు, సుబాబుల్, జామాయిల్ వైపు వెళ్ళాయి. కోసిన బొంగుని కొన్ని వారాలు పారే నీళ్ళలో ఉంచినా, బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో నానబెట్టినా పుచ్చు పురుగు తగ్గుతుంది.

మళ్ళీ చెబుతున్నాను. ఎంత మంచి ధర చెప్పినా, ఎంత అవసరం ఉన్నా, వయసు చూడకుండా కత్తి పెట్టొద్దు. అవసరానికి డబ్బు కావాలంటే తోటలో ముదురు బొంగులు ఎన్నున్నాయో లెక్కపెట్టి అంతవరకే అమ్మండి.

చివరగా, మారేడుమిల్లి వైపు నుంచి ఒక సోదరి అడిగారు, కూరకి వెదురు కొమ్ములు, అంటే లేత పిలకలు, తీసుకోవచ్చా అని. తీసుకోవచ్చమ్మా. ముందుగా లేచిన లావు పిలకలు మాత్రం వదిలెయ్యండి. వానాకాలం చివర్లో లేచేవి చాలావరకు ఎదగకుండా ఎండిపోతాయి, నడుమ ఇరుక్కుని వచ్చేవి కూడా అంతే. అవి తీసుకోండి. పచ్చివి తినకూడదు, అందులో విషపదార్థం ఉంటుంది. సన్నగా తరిగి, బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు కూర చేసుకోండి.